పొట్టలో ఒత్తిడి పెరిగితే మెదడుకు, వెన్నుపాముకు రక్తం ఎందుకు తగ్గుతుంది?

క్లుప్తంగా: పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు మెదడుకు రక్తం వచ్చే దారి మూసుకుపోదు. అక్కడి నుంచి రక్తం వెనక్కి వెళ్లే దారి ఇరుకవుతుంది. దాంతో తలలోనూ వెన్నుకాలువలోనూ ఒత్తిడి పెరిగి, కొత్త రక్తం లోపలికి రావడం కష్టమవుతుంది. దగ్గు, ముక్కడం, బరువెత్తడం లాంటివి కొన్ని సెకన్ల సంగతి కాబట్టి ఆరోగ్యవంతుల శరీరం సర్దుకుంటుంది. తలకు గాయమైనవారు, ఐసీయూలో ఉన్నవారు, వెన్నుపాము దెబ్బతిన్నవారు అలా సర్దుకోలేరు.

నొక్కేది పొట్టను, కదిలేది వెన్నులోని నీరు

వెన్నులో నీరు తీసే పరీక్షలో సూదికి నిలువుగా ఒక సన్నటి గొట్టం తగిలిస్తారు. నడుము దగ్గరి నీరు ఆ గొట్టంలోకి ఎక్కి ఒక ఎత్తున నిలబడుతుంది. లోపలి ఒత్తిడికి ఆ ఎత్తే కొలత. అప్పుడు రోగి పొట్టను అరచేత్తో గట్టిగా నొక్కితే గొట్టంలో నీరు పైకి ఎగబాకుతుంది. చెయ్యి తీయగానే దిగిపోతుంది. మెడ సిరలను నొక్కినా ఇలాగే జరుగుతుందని జర్మన్ వైద్యుడు క్వెకెన్‌స్టెట్ 1916లో రాశాడు. ఎమ్మారై లేని రోజుల్లో వెన్నుకాలువలో గడ్డలను కనిపెట్టడానికి ఈ రెండు పనులూ పనికొచ్చాయి. మెడ నొక్కినప్పుడు కదలని నీరు పొట్ట నొక్కినప్పుడు కదిలిందంటే, సూదికీ తలకూ మధ్య ఎక్కడో దారి మూసుకుందని అర్థం.

పొట్ట, ఛాతీ, వెన్నుకాలువ, పుర్రె వేర్వేరు గదుల్లా కనిపిస్తాయి గానీ, ఒకదాంట్లో ఒత్తిడి మిగతావాటికి పాకుతుంది. గోడలు ఎంత గట్టిగా ఉన్నాయో, లోపల ఖాళీ ఎంత మిగిలిందో దాన్నిబట్టి ఆ పాకడం ఎక్కువ తక్కువలవుతుంది.

పుర్రె గోడ అసలు సాగదు. దాని లోపల సుమారు 1,400 గ్రాముల మెదడు, 100-150 మిల్లీలీటర్ల రక్తం, దాదాపు అంతే సీఎస్‌ఎఫ్ (మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే ద్రవం) ఉంటాయి. ఒకటి పెరగాలంటే ఇంకొకటి తగ్గాల్సిందే. స్కాట్లాండ్ వైద్యులు మన్రో 1783లోనూ, కెల్లీ 1824లోనూ చెప్పిన ఈ సూత్రంపైనే ఇవాళ్టికీ న్యూరోసర్జరీ ఐసీయూలు నడుస్తున్నాయి. మామూలుగా తలలో కాస్త ఒత్తిడి పెరిగితే సీఎస్‌ఎఫ్ కొంత కిందికి, వెన్నుకాలువలోకి జారి చోటిస్తుంది. పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు కింది నుంచీ అదే నీరు పైకి నెట్టబడుతుంది కాబట్టి, తలకు ఉన్న ఆ వెసులుబాటు పోతుంది.

ఎంత ఉంటే ఎక్కువ?

పొట్టలోని ఒత్తిడిని కూడా బీపీలాగే మిల్లీమీటర్ల పాదరసంలో కొలుస్తారు. ఐసీయూలో ఉన్న పెద్దవాళ్లలో మామూలుగా 5 నుంచి 7 మి.మీ. ఉంటుంది. లావుగా ఉన్నవారిలో, నెలలు నిండిన గర్భిణుల్లో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, అదేమీ జబ్బు కాదు. అది 12 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువగా నిలిచి ఉంటే ఉదర హైపర్‌టెన్షన్ అంటారు. 20 మి.మీ. దాటి, కిడ్నీయో ఊపిరితిత్తులో కొత్తగా మొరాయిస్తే దాన్ని ‘అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్’ అంటారు. అది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి.

కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మూత్రం కోసం వేసిన గొట్టం గుండా మూత్రాశయంలోకి 25 మిల్లీలీటర్లకు మించకుండా సెలైన్ పంపి, రోగి వెల్లకిలా పడుకుని ఊపిరి వదిలిన క్షణంలో రీడింగ్ తీసుకుంటారు. మూత్రాశయం గోడ పల్చన కాబట్టి పొట్టలోని ఒత్తిడి దాదాపు ఉన్నదున్నట్టు అందులో కనిపిస్తుంది. ఇంత చవకైన, ఇంత తేలికైన కొలత కాబట్టి, పొట్ట ఉబ్బి తల పరిస్థితి కూడా దిగజారుతున్న రోగిలో దీన్ని చూడకుండా వదిలేయడానికి కారణం కనిపించదు. పొట్టను చేత్తో తడిమి అంచనా వేయడం చాలాసార్లు తప్పుతుంది. గట్టిగా అనిపించని పొట్టలోనూ ఒత్తిడి ఎక్కువ ఉండవచ్చు.

ఒత్తిడి తలకు చేరే దారులు రెండు

మెదడు బరువు శరీరంలో 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే పోతుంది. అంటే నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్లు. ఆ రక్తాన్ని లోపలికి నెట్టేది ఒత్తిళ్ల మధ్య తేడా. సగటు బీపీ (బీపీ పై అంకెకూ కింది అంకెకూ మధ్య పడే విలువ) లోంచి తలలోని ఒత్తిడిని తీసేస్తే మిగిలేదే ఆ తోపుడు బలం. సగటు బీపీ 90, తలలో ఒత్తిడి 10 అనుకుంటే 80 మిగులుతుంది. అది చాలినంత.

పొట్టలో ఒత్తిడి పెరిగితే ఉదరవితానం (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొర) పైకి నెట్టబడుతుంది. ఛాతీలో చోటు తగ్గి అక్కడా ఒత్తిడి పెరుగుతుంది. పొట్టలో పెరిగినదాంట్లో సుమారు సగం ఛాతీకి చేరుతుందని ఐసీయూ వైద్యులు లెక్క వేసుకుంటారు, మనిషిని బట్టి అది మారుతుంది. తల నుంచి దిగే రక్తమంతా మెడ సిరల గుండా ఛాతీలోకే రావాలి. ఛాతీలో ఒత్తిడి పెరిగితే ఆ సిరలు నిండి ఆగుతాయి. దిగువన కాలువకు అడ్డం వేస్తే పైన నీరు నిలిచినట్టు, తలలో రక్తం నిలుస్తుంది. సీఎస్‌ఎఫ్ కూడా చివరికి సిరల్లోకే ఇంకాలి కాబట్టి అదీ ఆగుతుంది.

ఈ దారి నిజమేనా అని పందులపై చేసిన ఒక ప్రయోగం తేల్చింది. 1990ల్లో అమెరికాలో పరిశోధకులు పొట్టలో బెలూన్ ఉబ్బిస్తే తలలో ఒత్తిడి పెరిగింది. ఛాతీ ఎముకను, గుండె చుట్టూ ఉండే పొరను తెరిచి ఛాతీలో ఒత్తిడి పెరగకుండా చేశాక అదే బెలూన్ ఉబ్బిస్తే తలలో పెరగలేదు. అంటే పొట్ట నుంచి తలకు ఒత్తిడి వెళ్లే ముఖ్యమైన దారి ఛాతీ గుండానే.

రెండో దారి వెన్ను గుండా ఉంది. పొట్ట వెనకభాగంలో పెద్ద సిర (కాళ్ల నుంచి గుండెకు రక్తం తెచ్చేది) నలిగితే, రక్తం వేరే దోవ వెతుక్కుంటుంది. వెన్నెముక లోపలా బయటా అల్లుకున్న సిరల వల ఆ దోవ. ఆ సిరల్లో కవాటాలు లేవు కాబట్టి రక్తం పైకైనా కిందికైనా పారుతుంది. 1940లో ఆస్కార్ బాట్సన్ ఈ వల గురించి రాసినప్పుడు ప్రోస్టేట్ కేన్సర్ వెన్నెముకకు ఎందుకు పాకుతుందో కూడా తెలిసివచ్చింది. ఈ సిరలు ఉబ్బితే వెన్నుకాలువలో సీఎస్‌ఎఫ్‌కు చోటు తగ్గి అది తలవైపు జరుగుతుంది. గొట్టంలో నీరు ఎగబాకింది ఇందువల్లే.

అసలు దెబ్బ ఇంకోటుంది. పెద్ద సిర నలిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గుండె పంపేదీ తగ్గుతుంది, బీపీ పడుతుంది. పై లెక్కలో తలలో ఒత్తిడి 10 నుంచి 25కు పెరిగి, సగటు బీపీ 90 నుంచి 75కు పడిందనుకుందాం. తోపుడు బలం 80 నుంచి 50కి వచ్చేసింది. రెండువైపుల నుంచీ కోత పడిందన్నమాట. తలకు గాయమైన రోగుల్లో డాక్టర్లు దీన్ని 60-70 మధ్య నిలపాలని చూస్తారు.

ముక్కినా, బరువెత్తినా ఏమీ కాదేం?

ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. గట్టిగా దగ్గితే పొట్టలో ఒత్తిడి ఒక్క క్షణం 100 మి.మీ. దాకా కూడా పోతుంది. ఐసీయూలో 20 అంటేనే కంగారు పడుతుంటే, రోజూ దగ్గే మనుషులకు ఏమీ కాదేం?

మొదటి కారణం వ్యవధి. దగ్గు సెకనులో అయిపోతుంది, ఐసీయూ రోగిలో అది గంటలూ రోజులూ నిలుస్తుంది. రెండో కారణం ఇంకా ఆసక్తికరమైనది. ముక్కినప్పుడు బీపీ అమాంతం పెరుగుతుంది. 1985లో బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే, కాళ్లతో అత్యధిక బరువు నెట్టే క్షణాన ఒకరిలో బీపీ 480/350 దాటింది. అంత ఒత్తిడికి మెదడు నాళాలు చిట్లకపోవడానికి కారణం, అదే క్షణంలో సీఎస్‌ఎఫ్ ఒత్తిడి కూడా పెరగడమే. నాళం లోపలా బయటా ఒకేసారి పెరిగితే గోడ మీద పడే భారం అంతగా పెరగదు. అంటే కొన్ని సెకన్ల పాటు పొట్ట ఒత్తిడి తలకు పాకడం మెదడు నాళాలకు రక్షణే. బరువెత్తేటప్పుడు పొట్ట బిగపట్టడం నడుముకు కూడా ఆసరా. కంటి రెటీనాకు మాత్రం పుర్రె రక్షణ లేదు. గట్టిగా ముక్కినప్పుడో, వాంతి చేసుకున్నప్పుడో అక్కడి సన్నటి నాళాలు చిట్లి ఒక్కసారిగా చూపు మసకబారడం 1970ల నుంచి కంటి వైద్యులకు తెలిసిన సంగతే.

ప్రమాదం చాలాసార్లు ముక్కడం ఆపిన తర్వాత వస్తుంది. ఊపిరి బిగబట్టినంతసేపూ గుండెకు చేరే రక్తం తగ్గి ఉంటుంది. వదలగానే ఛాతీలో ఒత్తిడి పోయి, బీపీ ఒక్క క్షణం జారి, ఆ వెంటనే ఎగుస్తుంది. బీపీ మందులో ప్రోస్టేట్ మందులో వాడే పెద్దవయసువారు బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోవడం వెనక ఇది ఒక కారణం. మెదడులో నాళం బుడగలా ఉబ్బి ఉన్నవారి సంగతి మరీ సున్నితం. నెదర్లాండ్స్‌లో 250 మంది రోగులతో మాట్లాడి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ బుడగ పగలడానికి కాస్త ముందు జరిగిన పనుల్లో కాఫీ తాగడం, గట్టి వ్యాయామం, ముక్కు చీదడం, కోపంతో పాటు మలవిసర్జనకు ముక్కడం కూడా ఉంది. మెదడులో రక్తస్రావమైన రోగికి డాక్టర్ విరేచనం సాఫీగా అయ్యే మందు రాస్తే ఇంట్లోవాళ్లు దాన్ని చిన్న మందుగా చూస్తారు. అది చిన్న మందు కాదు.

ఐసీయూలో అసలు సమస్య

క్లోమం వాపు, పెద్ద కాలిన గాయాలు, పేగు అడ్డుపడటం, లివర్ పాడై పొట్టలో నీరు చేరడం, ప్రమాదంలో పొట్ట లోపల రక్తస్రావం — ఇవన్నీ ఒత్తిడి పెంచే పరిస్థితులు. తీవ్రమైన డెంగీలో ప్లాస్మా (రక్తంలోని ద్రవం) నాళాల నుంచి కారి పొట్టలో నీరు చేరినప్పుడూ ఇది వస్తుంది, పిల్లల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. బీపీ నిలబెట్టడానికి ఎక్కించే సెలైన్ అతిగా వెళితే అదే పేగులను వాచేలా చేసి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. మందే సమస్యగా మారే చోటు ఇది.

రోడ్డు ప్రమాదంలో తలకూ పొట్టకూ కలిపి దెబ్బ తగిలినవారిలో చిక్కు మరీ ఎక్కువ. గాయపడని మెదడు సగటు బీపీ సుమారు 60 నుంచి 150 మధ్య ఎక్కడున్నా తన నాళాలను బిగించో వదులు చేసో రక్తాన్ని సమంగా ఉంచుకుంటుంది. గాయపడిన మెదడుకు ఈ శక్తి పోతుంది. ఇటలీ వైద్యులు 2001లో తలకు గాయమైన 15 మంది పొట్ట మీద 15 లీటర్ల నీళ్ల సంచి కొద్దిసేపు ఉంచి చూస్తే మెడ సిరలో, తలలో ఒత్తిడి రెండూ పెరిగాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో దీన్నే తిప్పి చూశారు. మందులకు లొంగకుండా తలలో ఒత్తిడి పెరిగిపోయిన 17 మందికి పొట్ట కోసి తెరిచి ఉంచారు. అందరిలోనూ తలలో ఒత్తిడి తగ్గింది, 11 మందిలో ఆ తగ్గుదల నిలిచింది, వాళ్లు బతికారు. 2004లో వచ్చిన ఈ ఫలితం గట్టిదే అయినా, పోల్చడానికి రెండో బృందం లేదు. అందుకే పొట్ట తెరవడం ఈరోజుకీ ఆఖరి ప్రయత్నమే.

దానికి ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ముక్కు గొట్టంతో కడుపు ఖాళీ చేయడం, పేగులో నిలిచిన మలం పోగొట్టడం, చేరిన నీటిని సూదితో తీయడం, నొప్పి తగ్గించడం, సెలైన్‌కు లెక్క పెట్టడం. మంచం విషయంలో ఒక మెలిక ఉంది. మెదడు రోగికి తలవైపు 30 డిగ్రీలు ఎత్తడం మామూలు పద్ధతి, మెడ సిరల్లో రక్తం తేలిగ్గా దిగుతుంది. కానీ నడుము దగ్గర మడిచి ఎత్తితే పొట్ట నలిగి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. పొట్ట బిగుసుకున్న రోగిలో మంచాన్ని మడవకుండా మొత్తంగా తలవైపు ఎత్తు చేయడం మేలు.

ఆపరేషన్ బల్ల మీద

ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి 12-15 మి.మీ. ఒత్తిడి కావాలనే తెస్తారు. ఆ గ్యాస్ రక్తంలోకి ఇంకితే మెదడు నాళాలు వెడల్పవుతాయి, తలలో రక్తం పరిమాణం పెరుగుతుంది. ప్రోస్టేట్, గర్భసంచి ఆపరేషన్లలో తల కిందికి వంచి పడుకోబెడతారు కాబట్టి అదీ తోడవుతుంది. ఆరోగ్యవంతులు దీన్ని తట్టుకుంటారు. లక్షల మందికి క్షేమంగా జరుగుతున్న ఆపరేషన్ ఇది, భయపడాల్సిన పని లేదు. మెదడులో గడ్డ ఉన్నవారు, తలలో నీరు పొట్టలోకి దిగేలా షంట్ (సన్నటి గొట్టం) వేయించుకున్నవారు మాత్రం ఆ సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. వాళ్లకు గ్యాస్ ఒత్తిడి తగ్గించి చేయడం, ఊపిరి సర్దుబాటు చేసి కార్బన్ డయాక్సైడ్‌ను అదుపులో ఉంచడం కుదురుతుంది.

వెన్ను ఆపరేషన్‌లో రోగిని బోర్లా పడుకోబెట్టినప్పుడు ఛాతీ కిందా తుంటి కిందా దిండ్లు పెట్టి, పొట్టను గాలిలో వేలాడనిస్తారు. పొట్ట బల్లకు ఆనితే వెన్ను సిరలు ఉబ్బి, కోసిన చోట రక్తం ఆగకుండా వస్తుంది. దిండు ఒక రెండు అంగుళాలు జరిగినా తేడా తెలుస్తుంది.

సిజేరియన్ బల్ల మీద ఇదే సూత్రం

తెలుగు కుటుంబాలకు ఈ విషయం దగ్గరయ్యేది ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం సగటు 21.5 శాతం. వీటిలో ఎక్కువభాగం నడుములో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసేవే.

నెలలు నిండిన తల్లి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద సిరను దాదాపు పూర్తిగా నలుపుతుంది. రక్తం వెన్ను సిరల దోవ పడుతుంది, అవి ఉబ్బుతాయి, నడుము దగ్గర సీఎస్‌ఎఫ్ తగ్గుతుంది. నీరు తక్కువైనచోట అదే మందు ఎక్కువ పైకి పాకుతుంది. గర్భిణికి మందు మోతాదు తక్కువ ఇవ్వడానికి ఇది ఒక ముఖ్య కారణం. మత్తు ఎక్కాక కాళ్ల నాళాలు వదులై బీపీ ఇంకా పడుతుంది. అప్పుడు తల్లికి కళ్లు తిరగడం, వికారం వస్తే మెదడుకు రక్తం తగ్గిందన్న సంకేతం కావచ్చు. కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమవైపు వంచడం, బీపీ పెంచే మందు వెంటనే ఇవ్వడం అందుకే. ఎమ్మారైతో చూసినప్పుడు 15 డిగ్రీల వంపు ఆ సిరను పెద్దగా తెరవలేదు, 30 డిగ్రీలు వంచితేనే తెరుచుకుంది. అంటే పేరుకు దిండు పెట్టినంత మాత్రాన సరిపోదు.

వెన్నుపాము గొడవ వేరే

మెదడుకు నాలుగు పెద్ద ధమనులున్నాయి. వెన్నుపాముకు ముందువైపు ఒకే సన్నటి ధమని, వెనక రెండు. ముందున్న ఒక్కటే మూడింట రెండు వంతుల భాగాన్ని పోషిస్తుంది. దానికి కింది సగంలో ముఖ్యమైన ఆసరా ఒక కొమ్మ. 1882లో దాన్ని వర్ణించిన ఆడమ్కీవిచ్ పేరే దానికి ఉంది. అది సాధారణంగా ఎడమవైపున ఛాతీ కిందిభాగంలో బయల్దేరుతుంది. ఛాతీ మధ్యభాగంలో వెన్నుపాముకు రక్తం ఎప్పుడూ అంతంత మాత్రమే.

ఇక్కడా లెక్క అదే: బీపీలోంచి చుట్టూ ఉన్న సీఎస్‌ఎఫ్, సిరల ఒత్తిడి తీసేస్తే మిగిలేది. బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే అతిపెద్ద ధమని) ఆపరేషన్లలో కాళ్లు చచ్చుబడకుండా నడుము నుంచి సీఎస్‌ఎఫ్ బయటికి తీస్తూ ఉంటారు. బీపీ పెంచడం ఎంతో, బయటి ఒత్తిడి దించడం అంతే. వెన్నుపాముకు గాయమైనవారిలో సగటు బీపీని కొన్ని రోజులపాటు కాస్త ఎక్కువగా నిలిపేదీ ఈ లెక్కతోనే. అలాంటి రోగి పేగులు కదలక పొట్ట ఉబ్బితే, మందులతో తెచ్చిన ఆ లాభం కొంత పోతుంది.

సిరల వైపు అడ్డుపడితే ఏమవుతుందో చూపే జబ్బు ఒకటుంది. వెన్నుపాము పైపొరలో ధమని నేరుగా సిరలోకి కలిసిపోయే లోపం. అక్కడ రక్తం రావడానికి కొరత లేదు, పోవడానికి దారి లేదు. నడివయసు దాటిన మగవాళ్లలో ఎక్కువగా వస్తుంది. కాళ్లు నెమ్మదిగా బలహీనపడతాయి, నడిచినా ముక్కినా ఎక్కువవుతుంది. నడుము డిస్క్ సమస్య అనుకుని నెలల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు. సకాలంలో కనిపెడితే ఆ కలయికను మూసేయవచ్చు.

లావుకూ తలనొప్పికీ మధ్య లంకె

బరువు ఎక్కువున్న యువతుల్లో గడ్డ ఏదీ లేకుండానే తలలో ఒత్తిడి పెరిగే జబ్బు ఉంది. తలనొప్పి, వంగినప్పుడు చూపు క్షణకాలం చీకటి కావడం, చెవుల్లో గుండె చప్పుడు వినిపించడం దాని లక్షణాలు. పట్టించుకోకపోతే చూపు పోతుంది. దీనికి పొట్ట ఒత్తిడే మూలమని 1990ల్లో అమెరికా సర్జన్ షుగర్‌మన్ బృందం వాదించింది. బ్రిటన్‌లో 66 మంది మహిళలపై జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారిలో తలలో ఒత్తిడి మిగతావారికంటే ఎక్కువగా తగ్గింది. అయితే లావుగా ఉన్న మగవాళ్లలో ఈ జబ్బు అరుదు. పొట్ట బరువొక్కటే కారణమైతే అలా ఉండకూడదు. హార్మోన్ల పాత్ర కూడా ఉందన్న వాదనకు బలం అక్కడి నుంచే వస్తోంది.

కొత్తగా మొదలై దగ్గినా తుమ్మినా ముక్కినా వచ్చే తలనొప్పి, వంగితే మసకబారే చూపు, కాళ్లలో కొత్తగా వచ్చిన నీరసం — వీటిలో ఏది కనిపించినా నొప్పి బిళ్లలతో వారాలు నెట్టకూడదు. కంటి డాక్టర్ లోపలి నరాన్ని ఒకసారి చూస్తే తలలో ఒత్తిడి పెరిగిన జాడ చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. ఆ పరీక్షకు పట్టేది కొన్ని నిమిషాలే.